జనవరి 2న ఇద్దరు స్నేహితులు

కొత్త సంవత్సరం తీర్మానాల మీద నాకెప్పుడూ పెద్ద నమ్మకం లేదు. ఈసారి వాటి బదులు క్యాథలిక్ క్యాలెండర్‌లో ఏ రోజు ఏ పునీతుడిదో చదువుతూ కూర్చున్నాను. 1న దేవమాత మరియ పండుగ, 6న ముగ్గురు జ్ఞానులది, 17న ఎడారి సన్యాసి ఆంథోనీ, 25న పౌలు మారుమనస్సు. నేను ఆగిపోయింది మాత్రం 2వ తేదీ దగ్గర. బాసిల్, గ్రెగరీ.

ఏథెన్స్‌లో కలిసి చదువుకున్న ప్రాణస్నేహితులు. బాసిల్ బిషప్ అయ్యాక, 372లో గ్రెగరీని సాసిమా అనే చిన్న ఊరికి బిషప్‌ని చేశాడు. దుమ్ము, బండ్ల రొద తప్ప ఏమీ లేని చోటని గ్రెగరీ మండిపడ్డాడు. స్నేహాన్ని వాడుకున్నాడన్న బాధ ఆయన్ని చాలాకాలం వదల్లేదు. అయినా బాసిల్ పోయాక ఆయన గురించి అంత ప్రేమగా ప్రసంగం చేసిందీ గ్రెగరీయే. అందులోనూ సాసిమా సంగతి ఎత్తకుండా ఉండలేకపోయాడు, అది వేరే విషయం!

1969లో క్యాలెండర్ సవరించినప్పుడు ఇద్దరినీ ఒకే రోజుకి చేర్చారు. నాకైతే భలే నచ్చింది.

మాటలు ఆగిపోయిన ఒక ఫ్రెండ్‌కి నిన్న మెసేజ్ పెట్టాను. కోపం ఇంకా పూర్తిగా పోలేదని కూడా అందులోనే రాశాను.