అమ్మమ్మ ముక్కు

కెమెరా కొన్న ఊపులో మిట్టమధ్యాహ్నం అమ్మమ్మని వాకిట్లో నిలబెట్టా. ఫొటో చూసి "ఒరేయ్, నా ముక్కు ఇంతుందేంట్రా?" అంది. పాపం ముక్కుదేం లేదు. లెన్సుని 18 ఎంఎంలో, అంటే బాగా వెడల్పుగా పట్టేలా పెట్టి మరీ మొహం మీదకెళ్లిపోయా. పైగా నడినెత్తిన ఎండ, కళ్లు గుంటల్లో.

నిన్న రాజోలు వెళ్లినప్పుడు అరుగు మీద, చూరు నీడలో కూర్చోబెట్టా. వెనక్కి జరిగి 50 ఎంఎం లెన్సుతో తీశా. ఎఫ్ 1.8కి, అంటే లెన్సు కన్ను బాగా తెరిచేసరికి, వెనక కొబ్బరితోటంతా పచ్చగా కరిగిపోయింది. ఫోకస్ కంటి మీద ఉండాలా? నాది ముక్కుపుడక మీద కూర్చుంటుంది (మళ్లీ ముక్కే!).

"నవ్వు అమ్మమ్మా" అంటే బిగుసుకుపోతోంది. ఇలా కాదని ఈ ఏడు పులస ధరెంతని అడిగా. "పుస్తెలమ్మినా రాదురా!" అంటూ బోసినోటితో పకపకా నవ్వింది. నొక్కేశా. ముక్కుపుడక కొంచెం మసకే, కళ్లు మాత్రం తళతళ.