వసారా గోడమీద బొమ్మ

మన బడి వసారాలో ఏడో తరగతి గది దాటగానే ఒక బొమ్మ ఉండేది. మా 1984 టెన్త్ బ్యాచ్ వాళ్ళకు గుర్తుండాలి, తర్వాత చేరినవాళ్ళు చూసుండరు. పైన పెద్ద అక్షరాలతో ‘చదివినవాడు – చదవనివాడు’ అని ఉండేది. ఎడమవైపు తెల్లచొక్కా వేసుకుని, పుస్తకం పట్టుకుని, పచ్చగా మెరిసిపోయే అబ్బాయి. కుడివైపు కల్లుముంత పక్కన గొంతుక్కూర్చున్నవాడు. కాటుక నలుపు, లావు పెదాలు, కోడిగుడ్లంత తెల్లటి కళ్ళు.

డ్రాయింగ్ సారు చెడ్డమనిషి కాదు. ఫీజు కట్టలేని పిల్లలకు రంగులు తన డబ్బుతో కొనిచ్చేవాడు. పిల్లలు బడి మానకూడదనే ఆ బొమ్మ గీశాడు. కానీ చదువు లేనివాణ్ణి గీయాలనుకోగానే చెయ్యి నేరుగా నల్లరంగు డబ్బా మీదికే పోయింది.

ఎనిమిదో తరగతిలో మాతో నల్లటి స్నేహితుడొకడు ఉండేవాడు. పేరు రాయను, మన పూర్వవిద్యార్థుల ఈ సంచిక వాడూ చదువుతాడు. వాడికి ‘గోడోడు’ అని పేరు పడింది. వారం తిరక్కముందే బడంతా అదే పిలుపు. లెక్కల్లో వాడి పేపరు చూసి రాసుకున్నవాళ్ళం కూడా అలాగే పిలిచాం.

ఒకరోజు వాళ్ళమ్మ వచ్చింది. హెడ్మాస్టరు గదిలోకి పోలేదు. బొమ్మ ముందు నిలబడి, ఆయన బయటికొచ్చేదాకా అక్కడే ఉంది. “సారూ, ఇది ఎవుర్ని జూసి గీసినారు?” అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ ఆదివారమే సున్నం కొట్టించాడు. ఎందుకు కొట్టించారో మాకెవరూ చెప్పలేదు.

మన అనంతపురంలో వాన పడేదే అరుదు, సరిగ్గా ఆ నెలలోనే పడింది. వసారా కప్పు కారి గోడ తడిసింది. తడిస్తే సున్నం పలచబడి కింది రంగు కనిపిస్తుంది కదా. పచ్చటి అబ్బాయి జాడ లేదు. కుడివైపువాడు మాత్రం కళ్ళతో సహా తేలాడు. ఎండకాసి గోడ ఆరితే మాయం, మళ్ళీ వానొస్తే ప్రత్యక్షం. మేం చూడ్డానికి పరిగెత్తేవాళ్ళం.

ఆ రోజుల్లోనే సోషల్ సారు రాయలసీమ పేరు సంగతి చెప్పాడు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారపోస్తే మనవి దత్తమండలాలయ్యాయి. ఆ పేరు మనకొద్దని 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నారు. ఆ మాట సూచించిన చిలుకూరి నారాయణరావు మన ఊరి కాలేజీలోనే పాఠాలు చెప్పినవాడు. మేం చప్పట్లు కొట్టాం. బెల్లు కొట్టగానే “ఒరే గోడోడా, ఆటకు రారా” అని కేకేశాం.

2019లో న్యూయార్క్‌లో తమ్ముడి ఇంటికి పోయినప్పుడు వాడి కూతురు నన్ను నేచురల్ హిస్టరీ మ్యూజియానికి తీసుకెళ్ళింది. గుమ్మం ముందు గుర్రంమీద ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్, 1940లో పెట్టిన కంచు విగ్రహం. “పెదనాన్నా, కింద నడిచే ఇద్దర్నీ చూడండి” అంది. ఒకపక్క అమెరికా ఆదివాసి, ఇంకోపక్క ఆఫ్రికావాడు. వాళ్ళు రెండు ఖండాలకు గుర్తులని శిల్పి అన్నాడట. ఖండాలైతే గుర్రం కింద ఎందుకు నడుస్తున్నాయి? అప్పటికి లోపల ఆ విగ్రహం గురించే ఒక ప్రదర్శన పెట్టి, జనం అభిప్రాయాలు కూడా చూపిస్తున్నారు. నేను దానిముందే చాలాసేపు నిలబడిపోయాను. నాకక్కడ కనబడింది మన వసారా.

2020లో మ్యూజియమే దాన్ని తీసెయ్యమని నగరాన్ని అడిగింది. మరుసటేడు నగర కమిషన్ ఒప్పుకుంది. 2022 జనవరిలో తీశారు. పగలగొట్టలేదు, నార్త్ డకోటాలో అప్పటికింకా కట్టాల్సిన రూజ్‌వెల్ట్ లైబ్రరీకి చాలాకాలానికి అరువుగా ఇవ్వాలని నిర్ణయించారు. అన్నేళ్ళ వాదనలు అవసరమా అని తమ్ముడు విసుక్కున్నాడు. నాకైతే అవసరమే అనిపించింది. మన బడిలో ఒక్క బకెట్ సున్నంతో పని అయిపోయింది. ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. అందుకే బొమ్మ పోయినా పేరు టెన్త్ దాకా పోలేదు.

ఈ సంచిక పని మీద మొన్న బడికి పోయినప్పుడు ఆ స్నేహితుడూ వచ్చాడు. వసారాలో నడుస్తూ కిటికీలు లెక్కపెట్టుకుని, మూడో కిటికీ పక్కన ఆగి, గోడమీద అరచెయ్యి ఆనించాడు. ఇప్పుడక్కడ నీలం డిస్టెంపర్ ఉంది. ఆ పేరు మొదట పెట్టింది నేనేనని చెప్పడానికి నలభై ఏళ్ళుగా టెన్షన్. ఎట్లాగో చెప్పేశాను.

“తెలుసులేరా,” అన్నాడు గోడమీంచి చెయ్యి తియ్యకుండా. “మొదట వినబడింది నీ గొంతే కదా.”