టులెట్ బోర్డులు వెతుక్కుంటూ

పొద్దున్నే అమ్మ ఫోన్లో మూడు షరతులు పెట్టింది. మెట్లు ఉండకూడదు, వంటింట్లోకి వెలుతురు రావాలి, నడిచి వెళ్లే దూరంలో గుడి ఉండాలి. దసరాకల్లా ఊరి నుంచి వచ్చేస్తుందట. కంచరపాలెంలో నా ఒంటిగది ఇద్దరికి చాలదు. ఆదివారం కదా అని నాలుగు ఇడ్లీలు తినేసి 28 నంబరు బస్సెక్కాను, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి ఆటో పట్టుకున్నాను.

పదకొండేళ్లుగా ఇక్కడే ఉన్నా నాకు తెలిసిన వైజాగ్ అంటే ఆఫీసు దారి, బీచ్ రోడ్డు. అంతే. ఇల్లు కావాల్సొచ్చాకే వీధుల్లో తలెత్తి నడుస్తున్నా. టులెట్ బోర్డులు పైఅంతస్తు గ్రిల్లుకే కదా కడతారు!

ముందు ఎంవీపీ కాలనీ. ఎంవీపీ అంటే ఎవరో పెద్దాయన పేరు కాబోలు అనుకునేవాణ్ణి, మువ్వలవానిపాలెం అని చాలా ఆలస్యంగా తెలిసింది. పీఎం పాలెం కూడా అంతే, పోతినమల్లయ్యపాలెం. కొత్తగా వచ్చినవాళ్లు అదేదో ప్రధానమంత్రి పేరనుకుంటారు. పాలెం అని పూర్తిగా పలికితే అద్దె తగ్గుతుందేమో మరి. నేను చూసిన రెండు అపార్ట్‌మెంట్లలోనూ కింద అంతా కార్లే. మెట్లు లేని చోటు వాటికే దక్కింది. అద్దె విన్నాక రెండో గది చూడకుండానే వచ్చేశాను.

లాసన్స్ బే మీదుగా పెదజాలరిపేట దాకా నడిచాను. ఉక్కపోత. ఇసుకలో పడవలు, ఎండుచేపల వాసన, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. ఆ పక్కనే సముద్రం కనబడేలా కట్టిన అపార్ట్‌మెంట్లు. మధ్యలో ఒక ప్రహరీ, దాని మీద ఎవరో ఆరేసిన వల.

"ఏటి బాబూ, సేపలకా?" అంది గంప ముందు కూర్చున్న పెద్దావిడ.

"ఇల్లు చూస్తున్నానమ్మా."

"ఇక్కడా? మాకే సాల్లేదు నాయినా!" అని పక్కావిడతో కలిసి నవ్వింది.

చినవాల్తేరులో ఒక ఇల్లు నిజంగా బాగుంది. 1987లో రైల్వే స్టేషన్ బోర్డు మీద వాల్తేరు తీసేసి విశాఖపట్నం అని రాశారు గానీ, ఈ వీధుల్లో పేరు మార్చినవాళ్లు లేరు. కింది వాటా, వంటింటికి తూర్పు కిటికీ. ఓనరుగారు ఎంతమంది, ఎక్కడ పని, నాన్‌వెజ్ తింటారా అని వరసగా అడిగి, చివర్న "మీవాళ్లెవరు?" అన్నారు. ఎందుకడిగారో తెలియనట్టు "మా అమ్మేనండి" అన్నాను. ఫోన్ చేస్తానన్నారు. చేయరు.

ఇక సాయంత్రం వన్‌టౌన్, అంటే పాత ఊరు. మూడు కొండలు పక్కపక్కనే, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. కింద ఓడలు. కోట లేకపోయినా కోటవీధి ఉంది, సోల్జర్లు పోయినా సోల్జర్‌పేట ఉంది. చెక్క తలుపులు, అరుగులు, అరుగు మీద కూర్చుని మనల్ని తేరిపార చూసే ముసలివాళ్లు. ఇక్కడ దారి అడిగితే వేలు చూపించి ఊరుకోరు, చెప్పులేసుకుని కూడా వస్తారు. అలా వచ్చిన ఒక తాతగారే బురుజుపేటలో ఆ ఇల్లు చూపించారు. రెండు గదులు, మేడ మీద. అద్దె నాకు అందేంతలోనే. వంటింట్లో వెలుతురుందా అంటే, మధ్యాహ్నం దాకా ఉంటుందన్నారు. కనకమహాలక్ష్మి గుడి రెండు సందుల అవతలే.

"గురువారం తప్ప ఎప్పుడైనా సామాను దింపుకో బాబూ," అన్నారు ఇంటావిడ. "మార్గశిరంలో అయితే గుడికొచ్చే జనంతో మేమే ఇంట్లోంచి బయటికి రాలేం."

బస్సులో అమ్మకి ఫోన్ చేశాను. ఆ గుడికి పైకప్పు ఉండదనీ, అమ్మవారికి పసుపు కుంకుమ మన చేత్తోనే పెట్టుకోవచ్చనీ చెప్పాను. అమ్మకి ముందే తెలుసు. వంటిల్లు ఊసే ఎత్తలేదు.

"మెట్లెన్ని?"

"పద్నాలుగు."

కాసేపు చప్పుడు లేదు.

"పట్టుకోడానికి రెయిలింగ్ ఉందా?" అంది.

అది చూడలేదు. రేపు ఆఫీసు అయ్యాక మళ్లీ వెళ్లాలి.