ఒంటిమిట్టకు ఎజ్డీ మీద

మా నాయన 1986లో కర్నూలులో ఎజ్డీ రోడ్‌కింగ్ మోటార్‌సైకిల్ కొన్నాడు. ఆ మరుసటి చైత్రంలోనే దానిని ఒంటిమిట్ట కోదండరాముడి గుడి ముందు నిలిపి, టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఏటా స్వామి కల్యాణానికి ఈ బండి మీదనే వస్తానని మొక్కుకున్నాడు. మోకాళ్ళు అరిగి కిక్కు కొట్టలేని స్థితి వచ్చేదాకా ఆ మొక్కు తప్పలేదు. ఈసారి తాళంచెవి నా చేతిలో పెట్టి, "నేను రాకపోయినా బండి పోవాల నాయనా" అన్నాడు.

నేను స్టాండప్ కామెడీ చేసి బతుకుతున్నాను. బెంగళూరు, హైదరాబాదు వేదికల మీద నాకు పేరు తెచ్చింది ఈ బండే. తెల్లవారుజామున నాయన కిక్కు కొట్టడం, వీధంతా నీలం పొగ కమ్ముకోవడం, అమ్మ ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి పరుగెత్తడం నేను ముందుగా రాసుకున్న కథలు. ఒకసారి కర్నూలులోనే ప్రదర్శన ఇచ్చినప్పుడు నాయన వెనుక వరుసలో కూర్చుని చివరిదాకా విన్నాడు. ఇంటికి వచ్చాక ఆయన అడిగింది ఒక్కటే: "కిక్కు రాడ్డే గేరు రాడ్డు అని ఎందుకు చెప్పలేదురా? అది తెలిస్తే కదా జనానికి బండి సంగతి అర్థమయ్యేది!"

ఆ మాట నిజం. ఎజ్డీకి ఎడమ పక్కన ఒకే రాడ్డు ఉంటుంది. దానిని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు అవుతుంది, బండి అందుకున్నాక ముందుకు మడిస్తే అదే గేరు అవుతుంది. ఈ బండ్లు చేసిన మైసూరు ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది కాబట్టి, ఇప్పుడు నా ఎదుట కూర్చునే ఇరవై ఏళ్ళ పిల్లల్లో చాలామంది ఆ రాడ్డును చూసి ఎరుగరు. అప్పటినుంచి నేను వేదిక మీద ఆ రాడ్డు పనిని చేత్తో చూపి మరీ వివరిస్తున్నాను. ఆ రెండు నిమిషాలు ఎవరూ నవ్వరు, అందరూ ముందుకు వంగి వింటారు. నవ్వుల కన్నా ఆ నిశ్శబ్దమే నాకు ఎక్కువ ఇష్టం.

కల్యాణం నాటి వేకువన, లీటరుకు 40 మిల్లీలీటర్ల చొప్పున ఆయిలు కలిపిన పెట్రోలు నింపుకుని బయలుదేరాను. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు, కడప మీదుగా ఒంటిమిట్టకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. నంద్యాల దాటాక నల్లరేగడి పొలాల మధ్య బండి ఒకే శ్రుతిలో సాగింది. చాగలమర్రి దాటి దువ్వూరు చేరబోతుండగా, తుపుక్కుమని రెండుసార్లు తడబడి ఆగిపోయింది.

దారి పక్కన పొలంలో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు తీయబోయి వేలు కాల్చుకున్నాను. కళ్ళం దగ్గరి పెద్దాయన తడి గోనెపట్ట తెచ్చి ఇచ్చి, "తొందరపడొద్దు సామీ, ఇంజను సల్లారనీ" అని పక్కనే కూర్చున్నాడు. చల్లారాక విప్పి చూస్తే, ప్లగ్గు రెండు మొనల నడుమ వెంట్రుకంత సన్నని మసి పోగు వారధి కట్టి, నిప్పురవ్వను అడ్డుకుంటోంది. గరుకు కాగితంతో దానిని రుద్ది తీసి, మొనల ఎడం సరిచేసి బిగించి, మూడో కిక్కుకు బండిని లేపాను. పెద్దాయన గుప్పెడు పసుపు కొమ్ములు నా జేబులో పోసి, స్వామి దగ్గర పెట్టమన్నాడు. స్వయంగా ఆయన ఒంటిమిట్టకు వెళ్ళి ఎన్నేళ్ళయిందో నేను అడగలేదు, అడిగి ఉండవలసింది.

ఒంటిమిట్టలో దారి మీదికే గోపురం కనిపిస్తుంది. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ కూడా ఈ ఆలయాన్ని మెచ్చుకున్నాడు. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో వెలసినందున దీనిని ఏకశిలానగరం అంటారు. రాముడికి హనుమంతుడు ఇంకా తారసపడని నాటి మూర్తులు గనుక పక్కన ఆయన ఉండడు. పసుపు కొమ్ములు అర్చకస్వామికి అందించి, నేను ఇమాంబేగ్ బావి దగ్గరికి వెళ్ళాను. కడప నవాబు ప్రతినిధిగా వచ్చిన ఇమాంబేగ్, మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని భక్తులను అడిగాడట. మనసారా పిలిస్తే పలుకుతాడని వారు చెప్పగా మూడుసార్లు పిలిచాడట, మూడుసార్లూ లోపలినుంచి 'ఓ' అని వినిపించిందట. ఆయన తవ్వించిన బావి అది. పిలిచి, బదులు కోసం ఊపిరి బిగబట్టి ఆగడమే నా వృత్తి కనుక, ఈ కథలో ఆ మూడు పిలుపుల మధ్యనున్న వ్యవధి నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఇక్కడ కల్యాణం పగలు కాదు, రాత్రి వెన్నెల్లో జరుగుతుంది. పగటి పెళ్ళి తాను చూడలేకపోతున్నానని చంద్రుడు మొరపెట్టుకోగా స్వామి ఇచ్చిన వరమట. తలంబ్రాలు పడే వేళ వేల గొంతులు ఒక్కసారిగా రామనామం పలికాయి. ఏ సభలోనూ నాకు అంతటి ఒక్క గొంతు వినిపించలేదు.

కల్యాణం ముగిశాక బండి దగ్గరికి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను. నాయన నిద్రపోలేదు. తలంబ్రాల సంగతి విని, "సరే, బండి స్టార్టు చేసి ఫోను సైలెన్సరు దగ్గర పెట్టు" అన్నాడు. ఎడమ సైలెన్సరు దగ్గర కొంతసేపు, కుడిదాని దగ్గర కొంతసేపు పట్టుకున్నాను. అవతలినుంచి మాట లేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"కుడి సైలెన్సరు మొదలు కాడ గాలి పోతాంది," అన్నాడు చివరికి. "కడపలో ఆగి గాస్కెట్టు మార్పించుకో. పైలంగా రా."