లెదర్ కోరల్‌ను ముక్కలు చేసి పెంచడం: హన్మకొండ ఇంట్లో నా అనుభవం

టోడ్‌స్టూల్ లెదర్ కోరల్ అంటే పుట్టగొడుగులా ఉండే మెత్తని పగడం (సాఫ్ట్ కోరల్). దాన్ని కోయడం ఐదు నిమిషాల పని. కోసిన ముక్క రాయిని పట్టుకునేలా చేయడమే కష్టం. ముక్కలు పోయేది కూడా అక్కడే. హన్మకొండలో మా ఇంటి 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ట్యాంకులో నేను చేస్తున్న పద్ధతి ఇది.

ముందు కాలం చూసుకోవాలి. ఎండాకాలం ఇక్కడ 42, 44 డిగ్రీలు కొడుతుంది. చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) లేకుండా నీళ్ల మీదికి ఫ్యాన్ పెట్టి నెట్టుకొస్తే ట్యాంకు 29 దాటుతుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, బ్యాక్టీరియా పెరుగుతుంది, పచ్చి గాయం కుళ్లుతుంది. అందుకే బతుకమ్మ పండుగ దాటాక మొదలుపెట్టి శివరాత్రిలోపు కోతలన్నీ ముగిస్తాను.

నీళ్లు 25–26 డిగ్రీలు, సాంద్రత (మంచినీటితో పోలిస్తే) 1.025, ఆల్కలినిటీ (నీటి క్షారత) 8–9 డీకేహెచ్, నైట్రేట్ 5–10 పీపీఎం ఉంటే చాలు. నైట్రేట్‌ను సున్నాకు తేవాలని పాకులాడొద్దు, సాఫ్ట్ కోరల్ ముడుచుకుపోతుంది. ఇక మన బోరు నీళ్ల సంగతి. వంటింటి ఆర్‌వోలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) కంట్రోలర్ ఉంటే అది కొంత మామూలు నీటిని మళ్లీ కలుపుతుంది, కాబట్టి ఆ నీళ్లు పనికిరావు. ఆర్‌వో తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ పెట్టి మీటరు సున్నా చూపేదాకా వడగట్టాలి. 20 లీటర్ల క్యానుకు సుమారు 750 గ్రాముల రీఫ్ సాల్ట్ (అక్వేరియానికి సముద్రపు నీళ్లు తయారుచేసే ఉప్పు) పడుతుంది. ముందు రోజే కలిపి రాత్రంతా పంపు తిప్పి, కొలిచి సరిచేసుకుంటాను.

లెదర్ కోరల్ అప్పుడప్పుడు పాము కుబుసం విడిచినట్టు మైనం లాంటి పొర విడుస్తుంది. ఆ రోజుల్లో కత్తి పెట్టొద్దు. పొర ఊడి, పాలిప్‌లు (పైన చిన్న పువ్వుల్లా ఉండే భాగాలు) పూర్తిగా విచ్చుకున్నాకే కోయాలి.

రెండు బేసిన్లలో ట్యాంకు నీళ్లు తీసుకుంటాను. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ బ్లేడు కొత్తది వాడాలి, మొండి బ్లేడు కణజాలాన్ని నలిపేస్తుంది. గొడుగు అంచు నుంచి మూడేసి సెంటీమీటర్ల ముక్కలు తీస్తాను. కోస్తుంటే బ్లేడు కింద సన్నని ఇసుక నలిగినట్టు కరకరమంటుంది. అవి ఒంట్లో ఉండే సున్నపు పలుకులు, భయపడక్కర్లేదు. మరీ చిన్న ముక్కలు తీస్తే అతుక్కునేలోపే కరిగిపోతాయి. ముక్కల్ని రెండో బేసిన్‌లో ఊపి జిగురు వదిలించాలి. ఆ నీళ్లు మళ్లీ ట్యాంకులో పోయొద్దు. గాయపడ్డ లెదర్ వదిలే టెర్పీన్లు అనే రసాయనాలు పక్క కోరల్స్‌కు విషం. అదే రోజు ట్యాంకులో 100 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ సంచి వేసి, 40 లీటర్ల నీళ్లు మారుస్తాను. నురుగుతో మురికి తీసే స్కిమ్మర్ పొంగి పొర్లుతుంది కాబట్టి ముందే తగ్గించి పెట్టాలి.

ఇప్పుడు అతికింపు. సూపర్ గ్లూతో నేరుగా అంటిస్తే అప్పటికి నిలిచినట్టే ఉంటుంది. రెండు రోజుల్లో ముక్క అడుగున జిగురు చేరి గ్లూ పెచ్చులా ఊడుతుంది, ముక్క తేలుకుంటూ పోయి పంపులో పడుతుంది. నెట్ బట్టే నయం. ఓణీలకు వాడే సన్నని నెట్ చౌరస్తా బట్టల కొట్లలో పావు మీటరు తెచ్చుకుంటే ఏళ్లు వస్తుంది. సబ్బు తగలకుండా వేడి నీళ్లలో ఉతకాలి. దోమతెర ముక్క మాత్రం వద్దు. కొన్నింటికి పురుగుల మందు పట్టించి ఉంటుంది, రొయ్యలు చచ్చిపోతాయి. వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాలో అంగుళం మందాన రాతి పలుకులు పరిచి, కోసిన వైపు కిందికి వచ్చేలా ముక్కలు పెట్టి, పైన నెట్ కప్పి రబ్బరు బ్యాండ్ వేస్తాను. నెట్ తాకితే చాలు, అదిమితే ముక్క తెగుతుంది.

డబ్బాను ట్యాంకు అడుగున, కాస్త నీడలో పెట్టాలి. నీళ్లు మెల్లగా కదలాలి. ప్రవాహం అసలు లేకపోతే జిగురు పేరుకుని కుళ్లు మొదలవుతుంది. రోజూ సూది లేని 50 మిల్లీలీటర్ల సిరంజితో పై జిగురు ఊదేస్తాను. 10 నుంచి 14 రోజులకు సిరంజి ధారకు అడుగు లేవకపోతే పట్టినట్టే. అప్పుడు నెట్ తీసి, ఆ పలుకుతో సహా ఫ్రాగ్ ప్లగ్ (పగడం ముక్కను అంటించే చిన్న బిళ్ల) మీద జెల్ గ్లూతో అంటిస్తాను. రాయికి రాయి కాబట్టి ఇక ఊడదు.

ఏ ముక్కైనా నల్లబడి, మెత్తబడి, కుళ్లు వాసన వస్తే ఆ గంటలోనే బయటికి తీయాలి. ఒక్కటి చెడితే డబ్బా మొత్తానికీ అంటుకుంటుంది. తెల్లని గట్టి కండ కనిపించేదాకా కోసేసి, బాగున్న భాగాన్ని వేరే గిన్నెలో పెట్టి చూస్తాను.

జోవాంథిడ్‌లకు (గుంపుగా పెరిగే, పగడాల బంధువులైన మెత్తని జీవులు) ఇదే ధైర్యం పనికిరాదు. వాటిలో పాలీటాక్సిన్ అనే ఘాటైన విషం ఉండొచ్చు. గాయమున్న చేతితో ముట్టుకోవద్దు, ఆ రాళ్ల మీద వేడి నీళ్లు పోయొద్దు, ఆవిరి పీలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. గట్టి పగడాలు, సీ ఫ్యాన్‌లు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లోకి వచ్చాయి. ఎవరు అమ్మజూపినా కొనొద్దు. ఒక్క తల్లి లెదర్ చేతిలో ఉంటే సముద్రం నుంచి ఇంకోటి తీయించాల్సిన పనే లేదు.

ఆ తల్లి వారం పది రోజులు ముడుచుకునే ఉంటుంది, కదిలించకండి. నెలన్నర, రెండు నెలలకు కోసిన అంచు గుండ్రబడి కొత్త పాలిప్‌లు పొడుచుకొస్తాయి. మళ్లీ కోత నాలుగు నెలల తర్వాతే.