వాటర్‌క్లూఫ్ నుంచి ఎగిరిన విమానం

2015 జూన్‌లో ఆఫ్రికన్ యూనియన్ సమావేశానికి జొహానెస్‌బర్గ్ వచ్చిన, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అరెస్టు వారంటు ఉన్న నాటి సూడాన్ అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్‌ను దేశం దాటనివ్వవద్దని ప్రిటోరియా హైకోర్టు ఆదేశించినా, మరునాడు వాదనలు సాగుతుండగానే ఆయన వాటర్‌క్లూఫ్ వైమానిక స్థావరం నుంచి వెళ్లిపోయారు. ప్రయాణికుల జాబితాలో ఆయన పేరు లేదని ప్రభుత్వ న్యాయవాది కోర్టుకు విన్నవించడం ఈ ఉదంతంలోకెల్లా విడ్డూరం.

2016 మార్చిలో అప్పీళ్ల సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మాత్రం ఆలోచింపజేసేది. పదవిలో ఉన్న దేశాధినేతకు అంతర్జాతీయ ఆచారం ప్రకారం పరదేశపు కోర్టుల్లో రక్షణ ఉంటుందని ఒప్పుకుంటూనే, ఆ అంతర్జాతీయ కోర్టును నెలకొల్పిన ఒప్పందమైన రోమ్ శాసనాన్ని అమలుచేయడానికి దక్షిణాఫ్రికా పార్లమెంటు 2002లో చేసిన చట్టం, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వారంట్ల విషయంలో ఆ రక్షణను తొలగించిందని అది తేల్చింది. ఆచారం కంటే స్వదేశీ చట్టానికే పెద్దపీట వేసిన ఈ తర్కం నాకు సబబుగా తోస్తుంది. 2017 జులైలో హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు న్యాయమూర్తులు కూడా బషీర్‌ను అరెస్టు చేయనందుకు దక్షిణాఫ్రికాను తప్పుపట్టారు, కానీ వ్యవహారాన్ని భద్రతా మండలికి నివేదించలేదు.