రోజుకి ఒక్క అధ్యాయం చాలు, కానీ రోజూ

డిసెంబర్ 31 రాత్రి చర్చిలో కొత్త ఏడాదికి స్వాగతం చెప్పే వాచ్‌నైట్ సర్వీస్‌లో వాగ్దాన వాక్యం (ఏడాదంతటికీ దేవుడి మాటగా తీసుకునే బైబిల్ వాక్యం) కార్డు తీసుకుని, ఈ ఏడాది బైబిల్ మొత్తం చదివేయాలి అనుకోనివాళ్లు మన సంఘాల్లో తక్కువే. మొత్తం 1189 అధ్యాయాలు, రోజుకి మూడో నాలుగో. బలుల నియమాలతో నిండిన మూడో పుస్తకం లేవీయకాండంలోకి వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు, ఆగాక ప్రార్థన కూడా పోతుంది, దేవుడికి మొహం ఎలా చూపించాలి అని. యూత్ పిల్లలు ఈ మాట చెప్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. తప్పిన రోజులు బాకీ కాదమ్మా, ఈరోజుది ఈరోజు చదవండి చాలు.

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం వెళ్లే అమ్మాయికీ, నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే క్యాబ్ దిగే అబ్బాయికీ తెల్లవారుజామున నాలుగింటి ప్రార్థన ఒకేలా ఎలా కుదురుతుంది? ఆ అమ్మాయి ట్రైన్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మార్కు సువార్త వినొచ్చు, ఆ అబ్బాయి పడుకునే ముందు ఒక కీర్తన చదివి మోకరించొచ్చు. సువార్తలు నాలుగూ కలిపి 89 అధ్యాయాలే, రోజుకొకటి చదివినా మూడు నెలల్లో అయిపోతాయి.

బైబిల్లో దానియేలునే చూడండి, రాజు కింద 120 మంది అధిపతుల మీద పెట్టిన ముగ్గురు ప్రధానుల్లో ఒకడు, ఎంత పనుండాలి! అయినా రోజుకి మూడుసార్లు అదే గదిలో, యెరూషలేము వైపు కిటికీలు తెరిచి మోకాళ్ల మీద ఉండేవాడు. రాజుకి తప్ప ఇంకెవరికీ ప్రార్థన చేయకూడదనే శాసనం మీద సంతకం పడిందని తెలిసిన రోజు కూడా కొత్తగా ఏమీ మొదలుపెట్టలేదు, రోజూ చేసేదే చేశాడు. కష్టం వచ్చాక అలవాటు చేసుకుందాం అంటే అప్పుడు కుదరదు, మామూలు రోజుల్లోనే కుదుర్చుకోవాలి.

అలాగని నిద్ర చంపుకుని, శుక్రవారం ఉపవాసం ఉండి, శనివారం ఆల్‌నైట్ ప్రేయర్ కూడా అంటే ఒళ్లు ఆగదు. బదరీ చెట్టు కింద చచ్చిపోతే బాగుండు అన్న ఏలీయా ప్రవక్తని దేవుడు మందలించలేదు, దూతని పంపి రొట్టె తినిపించాడు, నీళ్లిచ్చాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు, ఆ తర్వాతే హోరేబు కొండ దాకా 40 రోజుల నడక. విశ్రాంతి కూడా భక్తిలో భాగమే అని నా గట్టి నమ్మకం. (షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఉపవాసం ఉండొద్దు, ప్లీజ్.)

ఇంకో మాట, ఇదంతా ఒక్కళ్లే చేయకండి. సంఘంలో ఒక అక్కనో అన్ననో చూసుకుని వారానికోసారి ఫోన్ చేయండి, ఈ వారం ఏం చదివావు, నీ కోసం ఏం ప్రార్థన చేయాలి అని అడగండి, వాళ్లు చెప్పింది విని ఫోన్‌లోనే ప్రార్థన చేసి పెట్టేయండి.